మగ్గం గుంటలో కాళ్లు పెట్టని వారం

గద్వాలలో నేతపనివాళ్ల వీధిలో జోగులమ్మ పేరు ఎత్తితే, ఆమె నేసిన చీరల కంటె ముందు ఆమె విప్పిన చీరల మాట వస్తుంది. ఒక్క పోగు తప్పుగా పడినదని తెలిసిన నాడు, జానెడు నేతను పోగు పోగుగా వెనక్కు విప్పి మళ్లీ మొదలుపెట్టిన మనిషి ఆమె. ఆ తప్పు చేనేత సొసైటీలో చీర అందుకునేవారి కంటికి ఆనేది కాదు. కట్టుకునేవారికి అసలే తెలిసేది కాదు. "వాండ్లకు కనవడకుంటె మానె, నాకు కనవడ్తున్నది గద" అనేది జోగులమ్మ.

రాజోలిలో పుట్టి, పదహారో ఏట గద్వాలకు కోడలుగా వచ్చిన ఆమెకు, ఈ సంగతి జరిగిన రెండువేల ఏడు నాటికి యాభై రెండేళ్లు. భర్త దశరథం నడుము దెబ్బతిని మగ్గం దిగిపోయిన తరువాత, ఆయన చోటులో తాను కూర్చున్నది. ఆమె ఎడమ పక్కన మరిది నాగన్న భార్య సావిత్రమ్మ కూర్చున్నది. గద్వాల చీర ఒంటరి చేతితో అయ్యే పని కాదు. ఒళ్లంతా నూలు, అంచు పట్టు. రెండింటికీ పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడెలు వేరు వేరు. నడిమి నాడెను ఒకరు విసిరితే, అంచు నాడెను ఇంకొకరు అందించాలి. నూలు పోగూ పట్టు పోగూ ఒకదానినొకటి మెలివేసుకొని వెనుదిరగాలి. ఒక చెయ్యి బిగువుగా, ఒక చెయ్యి వదులుగా లాగిందంటే, ఆ రెండూ కలిసే గీత మీద ముడత తేలుతుంది. తోడికోడళ్లిద్దరూ నేలలో తవ్విన మగ్గం గుంటలోకి కాళ్లు జారవిడిచి, భుజం భుజం తగిలేటట్లు కూర్చొని నేసిన ఇరవై రెండేళ్లలో ఆ గీత మీద ముడత పడలేదు.

ఆ ఏడాది పాలమూరులో జిల్లా చేనేత పోటీ పెట్టారు. గద్వాల నుంచి తమ సొసైటీ తరఫున ఒక్క చీర పంపాలని, సొసైటీలో పనిచేసే దేవరాజు దరఖాస్తు కాగితం పట్టుకొని జోగులమ్మ ఇంటికి వచ్చాడు. 'నేసినవారు' అన్నచోట కాగితం మీద రెండు గీతలున్నాయి. జోగులమ్మ చదువుకోలేదు, కాని గీతలు రెండని చూసింది.

"ఇన్నేండ్ల సంది సొసైటీ బుక్కుల నా పేరొక్కటే ఉన్నది. గీడ రెండో గీత ఉన్నది గద సారూ? రాయి. సావిత్రమ్మ అని రాయి."

దేవరాజు రాశాడు. సావిత్రమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. ఆ పూట అందరికీ రెండోసారి చాయ్ పెట్టింది.

అప్పటికే మగ్గం మీదున్న చీర మంగళవారం పొద్దునకు సొసైటీకి చేరాలి. ముందురోజు సోమవారం అమావాస్య. అమావాస్య నాడు ఆ వీధిలో మగ్గం ముట్టరు. అంటే ఆదివారం సాయంత్రానికి చీర మగ్గం దిగాలి. ఎనిమిది రోజులున్నాయి, రెండు గజాల ఒళ్లు, కొంగు మిగిలి ఉన్నాయి. సరిపోతుందని జోగులమ్మ తేల్చుకున్నది. ఆమె తేల్చుకున్నప్పుడు లెక్కలోకి రానిది ఒక్కటే: ముందు గదిలోని టీవీ.

ఆ రోజుల్లో టీవీలో 'పదమూడు తలుపులు' అనే దయ్యాల సీరియల్ వచ్చేది. పదమూడు వారాలు, పదమూడు కథలు. ఏ వారం కథ ఆ వారానిదే, ఏ వారం డైరెక్టరు ఆ వారానికే. మొదట ఒక తలుపు కిర్రుమని తెరుచుకొని, దాని వెనుక ఆ వారం డైరెక్టరు పేరు కనిపించేది. శుక్రవారం రాత్రి వేసినదానిని శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మళ్లీ వేసేవారు. రాత్రిపూట చూసే ధైర్యం సావిత్రమ్మకు లేదు. పట్టపగలు, తలుపులన్నీ తెరిచిపెట్టుకొని, ఒళ్లో చేట పెట్టుకొని బియ్యం ఏరుతున్నట్లు నటిస్తూ చూసేది.

గద్వాలలో అప్పుడు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కరెంటు తీసేవారు. సరిగ్గా కథ ముడి విప్పే వేళకు టీవీ నల్లబడేది. ఆ విధంగా సావిత్రమ్మ ఆరు కథలు చూసింది. ఒక్కదాని ముగింపూ చూడలేదు. అద్దంలో ఉన్న ముసలిది ఎవరో తెలియదు. ఊయల ఊపుతున్నది ఎవరో తెలియదు. ఆరుగురు డైరెక్టర్లు లేపిన ఆరు దయ్యాలూ ఎక్కడికీ పోకుండా సావిత్రమ్మ దగ్గరనే ఉండిపోయాయి.

జోగులమ్మకు ఈ సీరియల్ మీద మొదటినుంచీ కోపమే. "వారానికో చెయ్యి మారుతుంటే అదేం నేతనే? ఒకడు అంచు వెడ్తడు, ఇంకొకడు కొంగు జింపుతడు. ఒక్కటన్న నిండిన చీరనా అది?" అని మగ్గం గదిలోనుంచే అనేది. ఆ గోడకు అవతల సావిత్రమ్మ చేటలో బియ్యం గింజ ఒక్కటీ కదిలేది కాదు.

ఆ శనివారం వచ్చిన ఏడో వారం కథ పాతర కథ. వెనుకట ఇళ్లలో ధాన్యం దాచడానికి నేలలో తవ్వే పాతర ఈ ప్రాంతం వారికి కొత్త కాదు. కథలో ఒక కొత్త కోడలు అత్తవారింటి నడవలో ఆ పాతర మూత తీస్తుంది. లోపలినుంచి ఎవరో ఆమెను పేరు పెట్టి పిలుస్తారు. ఆమె అంచున కూర్చుంటుంది. కాళ్లు లోపలికి జారవిడుస్తుంది. కింది చీకటిలోనుంచి ఒక చెయ్యి మెల్లగా పైకి వస్తుంది. వేళ్లు ఆమె పాదాన్ని తాకబోతాయి.

కరెంటు పోయింది.

పది నిమిషాల తరువాత జోగులమ్మ కేకవేసింది. సావిత్రమ్మ వచ్చింది, మగ్గం దగ్గర నిలబడింది, గుంటలోకి చూసింది. చూసి, ఒడ్డున బాసిపట్టు వేసుకొని కూర్చున్నది.

"ఏందే, పూజకు కూసున్నవా? కాళ్లు లోపల వెట్టు."

"పెట్టనక్కా."

"ఎందుకు?"

సావిత్రమ్మ చెప్పింది. జోగులమ్మ అంతా వినలేదు. పాతర, చెయ్యి అన్న రెండు మాటలు చెవిన పడగానే నాడె కింద పెట్టేసింది.

"ఇరవై రెండేండ్ల సంది ఇదే గుంటల కాళ్లు వెడ్తున్నవ్. ఎన్నడన్న ఎవడన్న నీ కాలు వట్టిండా?"

"పట్టలే."

"మరి?"

"గిప్పటిదాంక పట్టలే."

ఆ మాటకు జోగులమ్మ తల కొట్టుకున్నది. ఒడ్డు మీద కూర్చుంటే సావిత్రమ్మ చెయ్యి నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువవుతుంది. అంచు నాడె వంకరగా పోతుంది. రెండు వరుసలు నేసి చూసి, జోగులమ్మ ఆ రెండు వరుసలూ విప్పేసింది. ఆ శనివారం అంతటితో సరి.

ఆదివారం దశరథం ఒక ఉపాయం చెప్పాడు. "చీకటికే గద భయం? గుంటల దీపం వెడ్దాం." కిరసనాయిలు బుడ్డి వెలిగించి గుంట అడుగున పెట్టారు. ఆ వెలుతురులో తొక్కుడు కర్రల నీడలు ఐదేసి వేళ్లున్న చేతుల మాదిరి గుంట గోడల మీద పైకీ కిందికీ ప్రాకాయి. సావిత్రమ్మ వీధిలోకి పరుగెత్తింది.

"మంచి తెలివి జేసినవయ్యా" అన్నది జోగులమ్మ భర్తతో. "ఇంగ జర ఆడ కూసుండు. ఏం జెప్పకు."

సోమవారం జోగులమ్మ స్వయంగా గుంటలోకి దిగి, మూల మూలా చీపురుతో ఊడ్చి, బురదమన్నుతో అలికి, పసుపు నీళ్లు చల్లింది. అలికినది ఆరడానికే సాయంత్రమయింది. సావిత్రమ్మ ఒడ్డున నిలబడి అన్నది: "శుభ్రం జేస్తె దయ్యం పోతదా అక్కా? ఆ కథల పిల్ల ఇల్లు గుడ అద్దం లెక్కనే ఉండె."

మంగళవారం గత్యంతరం లేక పక్కింటి బుజ్జమ్మను పిలిచారు. బుజ్జమ్మ మంచి పనిమంతురాలు. కాని ఆమె చెయ్యి బిగువు. నాలుగు వేళ్ల నేత పూర్తయ్యేసరికి, నూలూ పట్టూ కలిసే గీత మీద సన్నటి ముడత తేలింది. దశరథం కళ్లద్దాలు పెట్టుకొని, తీసి, మళ్లీ పెట్టుకొని "నాకైతే ఏం కనవడ్తలేదు" అన్నాడు. బుజ్జమ్మ వెళ్లిపోయిన తరువాత జోగులమ్మ దానిని విప్పడం మొదలుపెట్టింది. పట్టు పోగు చెడకుండా విప్పడం నేయడం కంటె కష్టం. బుధవారమంతా అదే పని. ఎదుట సావిత్రమ్మ నాడెలో పెట్టే కండెలకు నూలు చుడుతూ, తలెత్తకుండా కూర్చున్నది.

"ఎందుకు విప్పుతున్నవక్కా? పోనీ, బుజ్జక్క తోటే నేపియ్యి. నా పేరు కొట్టెయ్యమను."

"కొట్టేస్తరు. నీ అయ్య జాగీరు గద ఆ కాయితం!" జోగులమ్మ ఇంకొక పోగు వెనక్కు లాగింది. "నీ పేరు రాపిచ్చి, చెయ్యేమొ బుజ్జమ్మది వెట్టాలె? మొత్తం చీరె అబద్ధమైతది."

సావిత్రమ్మ కళ్లు తుడుచుకున్నది. గుంట వైపు రెండడుగులు వేసింది. పాదం అంచు దాకా పోయింది, అక్కడే ఆగిపోయింది. బొటనవేలు ముడుచుకుపోవడం జోగులమ్మ స్పష్టంగా చూసింది. ఇది నటన కాదనీ, సోమరితనం కాదనీ ఆమెకు అప్పుడు అర్థమయింది. అర్థమయినందుకు మరింత విసుగు పుట్టింది. తిట్టడానికి ఇక వీలులేదు కనుక.

గురువారం పొద్దున జోగులమ్మ ఒక నిశ్చయానికి వచ్చింది.

"భయం ఎందుకైంది? చివరికేమైందో తెల్వక. తెలిస్తె భయమెందుకు? మీ సుహాసినిని అడుగుదాం."

సుహాసిని సావిత్రమ్మ చెల్లెలు. వనపర్తిలో బట్టలు కుడుతుంది. వనపర్తిలో కరెంటు తీసే వేళ పొద్దున పది నుంచి పన్నెండు, కథ చివరిదాకా చూడవచ్చు. నాగర్‌కర్నూలులో ఇంకొక వేళ. ఏ దయ్యం చివరికి ఏమవుతుందో తెలియడం కూడా ఏ ఊళ్లో ఉన్నామన్నదాని మీద ఆధారపడి ఉన్నదే అని జోగులమ్మ కరెంటు ఆఫీసును కూడా తిట్టుకున్నది.

"వద్దక్కా! తెలిస్తె ఇంకింత భయమైతది" అని సావిత్రమ్మ చెవులు మూసుకున్నది. జోగులమ్మ వినకుండా చెప్పులు వేసుకొని, వీధి చివర దేవదాసు కిరాణా కొట్టులో ఉన్న రూపాయి బిళ్ల ఫోను దగ్గరకు పోయింది.

"సుహాసినీ, నేనే, గద్వాల నుంచి జోగులమ్మను. మొన్నటి దయ్యం కథ చివరికేమైందే?"

"పెద్దక్కా, నువ్వేనా అడిగేది? నువ్వు సూస్తున్నవా?"

"నేనెందుకు చూస్త? చెప్పు జల్ది."

"ఏ కథ? అద్దందా?"

"కాదు. పాతరది."

"హా, పాతరదా! మస్తుంటదక్క. అది తీసినోడు కొత్తోడు. మొదట ఏమైతదంటె, ఆ పిల్లకు లగ్గమైతది. అబ్బ, ఏం చీరె గట్టిందనుకున్నవ్..."

"మొదలు వద్దు తల్లీ! బిళ్ల అయిపోతున్నది. చివర చెప్పు, చివర!"

"మొదలు జెప్పకుంటె చివర ఎట్ల దెలుస్తదక్క?"

"నాకు తెలుస్తది. చెయ్యి వచ్చింది. కాలు వట్టింది. అటెన్క?"

"అటెన్క ఏమున్నది, లోపలికి గుంజింది. మూత వడ్డది. మల్ల తెల్లారి అందరు మామూలుగ బువ్వ తిన్నరు. అయిపాయె."

"అయిపాయె అంటె? ఆ పిల్ల?"

"పిల్ల లేదు. గంతే. గదే దాంట్ల గొప్ప."

ఫోను టక్కున ఆగిపోయింది. జోగులమ్మ రిసీవరును ఆ కొత్త డైరెక్టరు చెవి అన్నట్లుగా కసిగా పట్టుకొని నిలబడింది. "పిల్లను గుంటల వడేసి బువ్వ తిన్నరంట! కొంగు నెయ్యకుండ కోసిచ్చినట్టున్నది. గీన్ని ఎవడు మెచ్చుకున్నడు?" దేవదాసు ఏమీ తెలియకపోయినా, ఔనన్నట్లు తల ఊపాడు.

కొట్టు నుంచి ఇంటికి నూరడుగుల దూరం. ఆ నూరడుగులు జోగులమ్మ ఏనాడూ నడవనంత నెమ్మదిగా నడిచింది. ఉన్నది ఉన్నట్లు చెబితే సావిత్రమ్మ ఈ జన్మలో మగ్గం ఎక్కదు. ఇరవై రెండేళ్ల చెయ్యి ఒక్క మధ్యాహ్నంతో ఆగిపోతుంది. కాగితం మీది రెండో గీత మీద పేరు ఉంటుంది గాని మనిషి ఉండదు. తప్పు పోగు కనిపిస్తే విప్పకుండా నిద్రపోని ఆమె, ఇంటి గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, కొంగుతో ముఖం తుడుచుకొని లోపలికి వచ్చింది.

సావిత్రమ్మ కండెల బుట్ట ముందు కూర్చొని ఉన్నది. అడగదలచుకోలేదు, అయినా అడిగింది.

"ఏమైందంటక్కా?"

"ఏమైతది? మంచిగనే అయింది." జోగులమ్మ గుంటలోకి దిగి తన చోటులో కూర్చుంటూ, ఆమె వైపు చూడకుండా చెప్పింది. "ఆ చెయ్యి కాలు వట్టిందంట. వట్టంగనే వాండ్ల తోడికోడలు, పెద్దది, ఉరికొచ్చి రెక్క వట్టి మీదికి గుంజిందంట. మూతేసి దాని మీద రోలు వెట్టిందంట. గంతే. అయిపాయె."

"తోడికోడలా?"

"ఆఁ. తోడికోడలే."

సావిత్రమ్మ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. జోగులమ్మ తెగని పోగు ఒకటి తెగిందేమో అన్నట్లు పడుగు మీదకు వంగి వెదికింది.

"గట్లనా" అన్నది సావిత్రమ్మ.

తరువాత లేచింది. వచ్చి, ఎడమ పక్కన ఒడ్డున కూర్చున్నది. కళ్లు మూసుకున్నది. ముందు కుడికాలు, కొంతసేపటికి ఎడమకాలు గుంటలోకి జారవిడిచింది. ఆమె భుజం వణుకు జోగులమ్మ భుజానికి తెలుస్తూనే ఉన్నది. జోగులమ్మ తన పాదాన్ని పక్కకు జరిపి, సావిత్రమ్మ పాదం మీద ఆనించి పెట్టింది. నాడె కదిలింది.

గురువారం, శుక్రవారం, శనివారం పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా నేశారు. శనివారం ఒంటిగంటన్నరకు వీధిలో ఎవరింట్లోనో తలుపు కిర్రుమన్న చప్పుడు వినిపించింది, ఎనిమిదో తలుపు. సావిత్రమ్మ చెయ్యి ఆగలేదు. ఆదివారం పొద్దు వాలేవేళకు కొంగు ముగిసింది. నూలూ పట్టూ కలిసిన గీత మీద జోగులమ్మ వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపించింది. వేలు ఎక్కడా ఆగలేదు.

చీర కోసి మగ్గం నుంచి దించి, ఇద్దరూ చెరొక కొస పట్టుకొని మడత పెడుతున్నప్పుడు సావిత్రమ్మ మెల్లగా అన్నది.

"అక్కా."

"ఊఁ."

"ఆ కథల తోడికోడలు లేదు."

జోగులమ్మ చేతిలో మడత ఆగింది.

"ఆ ఇంట్ల అత్త, మొగడు, ఆ పిల్ల. గంతే. అరగంట సూసిన గద నేను. తోడికోడలు యాడికెల్లొచ్చింది?"

మొదలు చెబుతానన్న సుహాసిని నోరు మూయించినందుకు జోగులమ్మ మనసులోనే తనను తాను తిట్టుకున్నది. పైకి మాత్రం గయ్యిమన్నది. "మరి ఆనాడే తెలిస్తె కాళ్లెందుకు వెట్టినవే?"

"నువ్వు అబద్ధం జెప్పంగ నేనెన్నడు ఇనలే. ఒక్క పోగు తప్పువడితె జానెడు విప్పుతవ్. నా కోసం గంత పెద్ద తప్పు నేసినవ్, విప్పకుండ ఇడిసిపెట్టినవ్." సావిత్రమ్మ తన కొసను ఇంకొకసారి మడిచింది. "నన్ను గుంజితె, నువ్వు పక్కనే ఉంటివి గద అనుకున్న."

జోగులమ్మ తన వైపు కొసను గట్టిగా గుంజింది. "కొస సక్కగ వట్టు. కిందికి జారుతున్నది. మట్టి అంటితె నీ దయ్యం వచ్చి ఉతుకుతదా?"

సోమవారం అమావాస్య, మగ్గం విశ్రాంతి తీసుకున్నది. మంగళవారం పొద్దున దేవరాజు చీర అందుకొని, విప్పి చూసి, రెండు పేర్లూ చదివి వినిపించి, రసీదు ఇచ్చాడు. పోటీలో ఏమవుతుందో తెలియడానికి ఇంకా నెల ఉన్నది.

ఆ శనివారం ఒంటిగంటన్నరకు తొమ్మిదో తలుపు తెరుచుకున్నది. సావిత్రమ్మ చేట తెచ్చుకొని కూర్చున్నది. కాసేపటికి జోగులమ్మ కూడా వచ్చి, గోడకు ఆనుకొని కూర్చున్నది.

"నువ్వెందుకక్కా?"

"మొదలు తెల్వకుంటె పరేషాన్ అయితున్నది. చూడనియ్యి."

ఈ వారం కథలో రైలు కట్ట పక్కన ఒక పాడుబడిన బంగళా. తలుపు దానంతట అదే మూసుకున్నది. ఎవరో మెట్లు దిగుతున్నారు. పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. జోగులమ్మ సావిత్రమ్మ చేట అంచును గట్టిగా పట్టుకున్నది. ఆ పాదాలు చివరి మెట్టు దిగాయి. ముఖం ఇటు తిరగబోయింది.

కరెంటు పోయింది.

వీధి వీధంతా వినబడేటట్లు జోగులమ్మ కరెంటువాళ్లను ఏడు తరాల దాకా తిట్టింది. సావిత్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది. తిట్టడం అయిపోయిన తరువాత, జోగులమ్మ బొడ్డులో దోపుకున్న సంచి విప్పి ఒక రూపాయి బిళ్ల తీసింది.

"పో, మీ సుహాసినికి ఫోన్ గొట్టు. ఎవల మొకమో అడుగు." గుమ్మం దాటుతున్న సావిత్రమ్మను మళ్లీ కేకవేసింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పాలె, సూడు!"